చదరంగాన్ని కంప్యూటర్ పూర్తిగా పరిష్కరించగలదా?

1997 మేలో న్యూయార్క్‌లో జరిగిన ఆరు ఆటల పోటీలో ఐబీఎం వారి డీప్ బ్లూ యంత్రం 3.5–2.5 తేడాతో ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించింది. ఆ రోజు నుంచి ‘చెస్‌ను కంప్యూటర్ జయించేసింది’ అనే మాట పాతుకుపోయింది. నిజానికి చదరంగంలో అసలు చిక్కుముడి ఇంకా విడలేదు. రెండు వైపులా ఒక్క పొరపాటు కూడా లేకుండా ఆడితే తెల్లపావులు గెలుస్తాయా, నల్లపావులు గెలుస్తాయా, డ్రా అవుతుందా? ఈ ప్రశ్నకు రుజువుతో కూడిన జవాబు నేటికీ లేదు.

పోటీ పరీక్షల సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగంలో కృత్రిమ మేధ, సూపర్ కంప్యూటర్లు, క్వాంటమ్ కంప్యూటింగ్ గురించి చదివేవారికి ఈ ఒక్క అంశం మూడింటినీ కలిపి అర్థం చేయిస్తుంది.

గెలవడం వేరు, పరిష్కరించడం వేరు

డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల పొజిషన్లను పరిశీలించేది. బోర్డు మీద పావుల అమరిక, ఎత్తు ఎవరిది, ఇంకా ఏ ప్రత్యేక ఎత్తులకు అవకాశం ఉంది అనే వివరాలన్నీ కలిపితే ఒక పొజిషన్. నేటి స్టాక్‌ఫిష్ వంటి ఇంజిన్లు మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తూ కూడా ప్రపంచ ఛాంపియన్లను అలవోకగా ఓడిస్తాయి.

అయినా ఇంజిన్ చెప్పేది అంచనా మాత్రమే. కొన్ని ఎత్తుల దూరం లెక్కవేసి, అక్కడి నుంచి ముందుకు వెళ్లలేక ‘తెల్లపావులకు కాస్త అనుకూలం’ అంటూ ఒక అంకె ఇస్తుంది. ఇంకాసేపు ఆలోచించనిస్తే ఆ అంకె మారుతుంది. పరిష్కారం అంటే మారే అంకె కాదు. ప్రత్యర్థి ఏ ఎత్తు వేసినా నిలబడే రుజువు. ఇంజిన్ ఎంత బలమైనదైనా రుజువు ఇవ్వనంత కాలం ఆట పరిష్కారం కానట్టే.

పరిష్కారంలో మూడు స్థాయులు

డచ్ పరిశోధకుడు విక్టర్ అలిస్ 1994 నాటి తన పరిశోధన గ్రంథంలో వాడిన వర్గీకరణే ఇప్పుడు ప్రామాణికం.

1. అతి బలహీన పరిష్కారం: మొదలు నుంచి సరిగ్గా ఆడితే ఫలితం ఏమిటో తెలుస్తుంది. ఎలా ఆడాలో తెలియదు. ఉదాహరణకు హెక్స్ ఆటలో మొదట ఆడేవారిదే గెలుపని జాన్ నాష్ నిరూపించారు. కానీ పెద్ద బోర్డు మీద ఆ గెలుపు ఎత్తులేమిటో ఆ రుజువు చెప్పదు.

2. బలహీన పరిష్కారం: తొలి ఎత్తు నుంచి ఆ ఫలితాన్ని రాబట్టే వ్యూహం కూడా చేతిలో ఉంటుంది. 2007లో చెకర్స్ ఆట ఇలాగే పరిష్కారమైంది.

3. బలమైన పరిష్కారం: ఆటలో వచ్చే ప్రతి పొజిషన్‌కూ సరైన ఫలితం, సరైన ఎత్తు తెలుస్తాయి. అంతకుముందు ఎన్ని తప్పులు జరిగినా, అక్కడి నుంచి ఏం చేయాలో చెప్పగలగాలి.

హెక్స్ రుజువు చెస్‌కు ఎందుకు పనికిరాదు? హెక్స్‌లో అదనంగా ఒక ఎత్తు ఉండటం ఎప్పుడూ మేలే. చెస్‌లో అలా కాదు. కదపడానికి మంచి ఎత్తు లేక, ఏదో ఒకటి వేయక తప్పక ఓడిపోయే పరిస్థితులు వస్తాయి. వాటిని జుగ్‌జ్వాంగ్ అంటారు. కాబట్టి ‘మొదట ఆడేవారికి నష్టం ఉండదు’ అని కూడా చెస్‌లో ఎవరూ ఇంతవరకు నిరూపించలేదు.

సమాధానం ఉన్నట్టే: జెర్మెలో సిద్ధాంతం

జర్మన్ గణితవేత్త ఎర్నెస్ట్ జెర్మెలో 1913లో ప్రచురించిన పత్రం గేమ్ థియరీకి తొలి మైలురాళ్లలో ఒకటి. ఇద్దరే ఆడే ఆట, పాచికల వంటి అదృష్టం లేదు, దాచిన ముక్కలు లేవు, ఆట ఎప్పటికైనా ముగుస్తుంది. ఇలాంటి ఆటలో మూడింటిలో ఒకటి కచ్చితంగా నిజం అవుతుంది: మొదటివారు గెలుపును ఖాయం చేసుకోగలరు, లేదా రెండోవారు గెలుపును ఖాయం చేసుకోగలరు, లేదా ఇద్దరూ కనీసం డ్రా చేసుకోగలరు.

చెస్ ఈ షరతులన్నిటికీ సరిపోతుంది. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా రెండువైపులా 50 ఎత్తులు గడిస్తే ఆటగాడు డ్రా కోరవచ్చు. 75 ఎత్తులు గడిస్తే ఆర్బిటరే డ్రా ప్రకటిస్తారు. అందువల్ల ఆట అనంతంగా సాగదు. అంటే చెస్‌కు తుది సమాధానం ఉంది. అడ్డంకి అంతా దాన్ని లెక్కగట్టడంలోనే ఉంది.

లెక్క ఎంత పెద్దది?

ఆట మొదట్లో తెల్లపావులకు 20 ఎత్తులే ఉంటాయి. 8 బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుర్రాలకు రెండేసి చొప్పున 4. నల్లపావులకూ అంతే. కాబట్టి చెరో ఎత్తు వేసేసరికి 400 దారులు. ఇక్కడి నుంచి దారులు మరింత విచ్చుకుంటాయి. ఉదాహరణకు ఇద్దరూ రాజు ముందున్న బంటును రెండు గడులు జరిపారనుకుందాం. ఇప్పుడు మంత్రికి, శకటుకు దారి తెరుచుకుంది. తెల్లపావులకు ఉన్న ఎత్తులు 20 నుంచి 29కి పెరిగాయి. మూడో ఎత్తుకు మొత్తం దారులు 8,902, నాలుగో ఎత్తుకు 1,97,281, అయిదో ఎత్తుకు 48,65,609.

ఇక్కడ అభ్యర్థులు తరచూ రెండు సంఖ్యలను కలిపేసుకుంటారు.

• షానన్ సంఖ్య (10¹²⁰): ఇన్ఫర్మేషన్ థియరీ పితామహుడు క్లాడ్ షానన్ 1950 నాటి పత్రంలో ఇచ్చిన అంచనా. ఇది ఆడగల ఆటల సంఖ్య. చెరో ఎత్తుకు కలిపి దాదాపు వెయ్యి అవకాశాలు, ఆటకు సగటున 40 జతల ఎత్తులు అనుకుంటే వెయ్యిని 40 సార్లు గుణించాలి. అదే 10¹²⁰. కంటికందే విశ్వంలోని పరమాణువుల సంఖ్య సుమారు 10⁸⁰ అంటారు.

• చట్టబద్ధ పొజిషన్ల సంఖ్య (సుమారు 4.8 × 10⁴⁴): కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ ట్రోంప్ నమూనా పద్ధతిలో వేసిన అంచనా.

ఒకే పొజిషన్‌కు అనేక దారుల్లో చేరుకోవచ్చు కాబట్టి రెండో సంఖ్య చాలా చిన్నది. ఆటను పరిష్కరించడానికి ప్రతి దారీ నడవనక్కర్లేదు, ప్రతి పొజిషన్ ఫలితం తెలిస్తే చాలు. కాబట్టి అసలు అడ్డంకి 10¹²⁰ కాదు, 10⁴⁴.

చివరి నుంచి వెనక్కి: టేబుల్‌బేస్‌లు

చెస్‌లో కొంత భాగం ఇప్పటికే బలంగా పరిష్కారమైంది. బోర్డు మీద రాజులతో కలిపి 7 లేదా అంతకన్నా తక్కువ పావులు మిగిలితే కంప్యూటర్‌కు అంచనాలతో పనిలేదు. ఫలితం పట్టికలో సిద్ధంగా ఉంటుంది. ఈ పట్టికలనే ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు అంటారు.

వీటిని తయారుచేసే పద్ధతి రెట్రోగ్రేడ్ అనాలిసిస్, అంటే వెనుక నుంచి విశ్లేషణ. దీన్ని చెస్‌కు వాడవచ్చని రిచర్డ్ బెల్‌మన్ 1965లో సూచించారు. ముందుగా ఆట కట్టయిన పొజిషన్లన్నీ రాసుకోవాలి. ఒక్క ఎత్తులో వాటిని చేరగల పొజిషన్లు ‘ఒక ఎత్తులో గెలుపు’. ప్రత్యర్థి ఎటు కదిలినా వాటిలోనే పడే పొజిషన్లు ‘ఓటమి’. ఇలా వెనక్కి నడుస్తూ వెళ్లి, కొత్తగా ఏదీ చేరని చోట ఆపాలి. అప్పటికీ ఏ జాబితాలోనూ చేరకుండా మిగిలినవన్నీ డ్రాలు. ఈ పద్ధతి వల్ల ఒంటరి రాజుపై రాజు, మంత్రి ఉంటే ఎక్కువలో ఎక్కువ 10 ఎత్తుల్లో, రాజు, ఏనుగు ఉంటే 16 ఎత్తుల్లో ఆట కట్టించవచ్చని కచ్చితంగా తెలిసింది.

యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1970ల చివర్లో మంత్రి, ఏనుగుల ముగింపుకు ఇలాంటి పట్టిక తయారుచేశారు. మంత్రి ఉన్నవారిదే గెలుపు, అదేమంత కష్టం కాదని పుస్తకాలు చెబుతుండేవి. అమెరికా ఛాంపియన్ వాల్టర్ బ్రౌన్ మంత్రిని తీసుకుని, ఏనుగు వైపు ఆడే కంప్యూటర్‌తో పందెం కట్టారు. 50 ఎత్తుల్లో గెలవలేకపోయారు. ఆ పొజిషన్లను కూర్చుని చదువుకుని వచ్చి మళ్లీ ఆడి, సరిగ్గా 50వ ఎత్తులో గట్టెక్కారు. మనుషులు తేలిక అనుకున్న ముగింపులోనే అంత లోతు బయటపడింది.

7 పావుల పట్టికలను 2012లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలోని లోమొనోసోవ్ సూపర్ కంప్యూటర్ మీద లెక్కించారు. వాటి పరిమాణం 140 టెరాబైట్లు. ఒకవైపు రాజు, మంత్రి, బంటు, రెండోవైపు రాజు, ఏనుగు, శకటు, గుర్రం ఉన్న ఒక పొజిషన్‌లో గెలుపుకు 549 ఎత్తులు కావాలని ఆ పట్టికలు చూపించాయి. ఏ గ్రాండ్‌మాస్టరూ ఊహించలేనంత పొడవైన గెలుపు అది. 50 ఎత్తుల నిబంధన అమల్లో ఉన్న పోటీలో అలాంటివి డ్రాగానే ముగుస్తాయి.

రొనాల్డ్ డి మాన్ రూపొందించిన సిజిజీ పట్టికలు ఈ నిబంధనను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. 5 పావుల దాకా వీటికి దాదాపు 1 గిగాబైట్, 6 పావుల దాకా 150 గిగాబైట్లు, 7 పావుల దాకా సుమారు 18 టెరాబైట్లు కావాలి. ఒక్క పావు పెరిగితే పట్టిక వంద రెట్లకు పైగా పెరుగుతోంది. 7 పావుల పొజిషన్లే దాదాపు 424 లక్షల కోట్లు. ఆట మొదలయ్యేది 32 పావులతో.

చెకర్స్ నేర్పిన పాఠం

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షాఫర్ బృందం 1989లో చినూక్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. దశాబ్దాల పాటు ఓటమి అంటే దాదాపు ఎరుగని చెకర్స్ ఛాంపియన్ మారియన్ టిన్స్‌లీతో అది 1992లో తలపడి ఓడింది. 1994లో మళ్లీ తలపడినప్పుడు ఆరు డ్రాల తర్వాత అనారోగ్యంతో టిన్స్‌లీ తప్పుకున్నారు. చినూక్ ఛాంపియన్ అయినా, టిన్స్‌లీ కంటే అదే మేలని తేలలేదు. షాఫర్ అక్కడితో ఆగకుండా ఆటనే పరిష్కరించే పనిలో పడ్డారు. 2007లో ఫలితం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఇద్దరూ తప్పు చేయకపోతే చెకర్స్ డ్రా.

చెకర్స్‌లో పొజిషన్లు సుమారు 5 × 10²⁰. వాటన్నిటినీ లెక్కించలేదు. 10 పావుల దాకా 39 లక్షల కోట్ల పొజిషన్లతో పట్టికలు కట్టి, ఆరంభం నుంచి ఆ పట్టికల దాకా అవసరమైన దారులను మాత్రమే రుజువు చేశారు. మొత్తం సుమారు 10¹⁴ లెక్కలతో పని పూర్తయింది. తెలివిగా వెతికితే అసలు సంఖ్యలో అతి చిన్న భాగం చూసినా సరిపోతుందని దీనివల్ల తేలింది.

చెస్ చుట్టాల్లో ఒకటి కూడా ఇలాగే తెగింది. తన పావులన్నీ ముందుగా పోగొట్టుకున్నవారు గెలిచే యాంటీచెస్‌లో, రాజు ముందున్న బంటును ఒక్క గడి జరపడంతో మొదలుపెడితే తెల్లపావులకు గెలుపు ఖాయమని మార్క్ వాట్కిన్స్ 2016లో నిరూపించారు. ఆ ఆటలో చంపగలిగినప్పుడు చంపి తీరాలి. అందువల్ల ఎంచుకునే దారులు తక్కువ, రుజువు సాధ్యమైంది. చెస్‌లో అలాంటి నిర్బంధం లేదు.

చెస్‌కు ఆ దారి సరిపోతుందా?

బలమైన పరిష్కారం: సెకనుకు 10¹⁸ పొజిషన్లు చూసే యంత్రం ఉందనుకుందాం. నేటి ఎక్సాస్కేల్ సూపర్ కంప్యూటర్లు సెకనుకు చేసే గణనల స్థాయి అది. ఒక్కో గణనకు ఒక్కో పొజిషన్ తేలిపోతుందని ఉదారంగా లెక్కేసినా 4.8 × 10⁴⁴ పొజిషన్లకు సుమారు 1.5 × 10¹⁹ సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలే. అంటే దానికి వంద కోట్ల రెట్లకు పైగా.

నిల్వ ఇంతకన్నా పెద్ద సమస్య. పొజిషన్‌కు ఒక్క బిట్ చాలనుకున్నా 20 టెరాబైట్ల హార్డ్‌డిస్కులు 3 × 10³⁰ కావాలి. డిస్కు బరువు ముప్పావు కిలోకు కాస్త తక్కువ. వాటన్నిటి బరువు కలిపితే మన సూర్యుడంత అవుతుంది. పట్టికలను కుదించి మూడో వంతుకు తెచ్చినా పరిస్థితి మారదు.

బలహీన పరిష్కారం: ఆశ ఏమైనా ఉంటే ఇక్కడే. చెకర్స్‌లో 10²⁰ స్థాయి ఆటకు 10¹⁴ స్థాయి శ్రమ పట్టింది. ఘాతాంకాల్లో అదే నిష్పత్తి చెస్‌కు వర్తిస్తుందని స్థూలంగా అనుకుంటే 10³⁰ చుట్టుపక్కల పొజిషన్లు తేల్చాలి. పై యంత్రానికి ఒక్కో పొజిషన్‌కు వెయ్యి గణనలు పడతాయనుకుంటే 3 కోట్ల సంవత్సరాలు దాటుతుంది. విశ్వం వయసుతో పోలిస్తే చిన్నదే కానీ మనిషి చేతికందే కాలం కాదు.

ఇక్కడ మరో తప్పుడు వాదన వినిపిస్తుంటుంది. ఫ్రేంకెల్, లిక్టెన్‌స్టైన్ 1981లో చెస్ ‘ఎక్స్‌ప్‌టైమ్ కంప్లీట్’ (బోర్డు పెరిగేకొద్దీ లెక్క విపరీతంగా పెరిగే సమస్య) అని నిరూపించారు కాబట్టి పరిష్కారం అసాధ్యమని కొందరంటారు. ఆ ఫలితం బోర్డు ఎంతకైనా పెరిగే సాధారణీకరించిన చెస్‌కు సంబంధించినది. 8 × 8 బోర్డు పరిమితమైనది. దాన్ని పరిష్కరించడం కుదరదని చెప్పే సిద్ధాంతం ఏదీ లేదు.

ఏఐ, క్వాంటమ్ ఆదుకుంటాయా?

డీప్‌మైండ్ వారి ఆల్ఫాజీరో 2017లో నియమాలు మాత్రమే తెలుసుకుని, తనతో తానే ఆడుకుంటూ నేర్చుకుంది. స్టాక్‌ఫిష్‌తో 100 ఆటల్లో 28 గెలిచి, 72 డ్రా చేసుకుంది. ఒక్కటీ ఓడలేదు. 2020 నుంచి స్టాక్‌ఫిష్ కూడా న్యూరల్ నెట్‌వర్క్‌ను చేర్చుకుంది. ఇవన్నీ అంచనాను పదునెక్కిస్తాయి. మంచి ఎత్తును ముందుగా చూపించి, రుజువు వెతికే పనిని తగ్గించగలవు. అంచనా ఎంత పదునైనా దానంతట అదే రుజువు కాదు.

భారత సంతతి శాస్త్రవేత్త లవ్ గ్రోవర్ 1996లో ప్రతిపాదించిన క్వాంటమ్ అల్గారిథమ్, N అంశాల్లో వెతుకులాటను √N స్థాయి అడుగులకు తగ్గిస్తుంది. 10⁴⁴కు వర్గమూలం 10²². పెద్ద తగ్గింపే. అయితే అన్ని అడుగుల పాటు తప్పులు లేకుండా నడిచే క్వాంటమ్ కంప్యూటర్ ఇప్పుడు లేదు. పైగా ప్రతి పొజిషన్‌కూ జవాబు దాచుకోవాల్సిన బలమైన పరిష్కారంలో నిల్వ సమస్యను ఇది తీర్చదు.

డ్రా అనే నమ్మకం ఎందుకు?

రుజువు లేకపోయినా, సరిగ్గా ఆడితే చెస్ డ్రా అవుతుందని నిపుణుల్లో ఎక్కువమంది నమ్ముతారు. సాధారణ ఆరంభం నుంచి ఆడిస్తే అగ్రశ్రేణి ఇంజిన్ల మధ్య ఆటలు చాలావరకు డ్రా అవుతున్నాయి. అందుకే ఇంజిన్ల పోటీల్లో ఒకవైపు మొగ్గున్న ఆరంభాలను నిర్వాహకులే ఎంచి ఇస్తారు. కంప్యూటర్ సాయం అనుమతించే కరస్పాండెన్స్ చెస్‌లోనూ పై స్థాయిలో డ్రాలే ఎక్కువ. ఇది సాక్ష్యం, రుజువు కాదు. పరీక్షలో ‘చెస్ డ్రా అని నిరూపితమైంది’ అని వాక్యం ఇస్తే అది తప్పు.

బోర్డు ముందు కూర్చున్న మనిషికి ఈ ‘డ్రా’ ఎంత దూరమో 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో కనిపించింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆటలో చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబీకుడు గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువున్నా, ఇంజిన్ల లెక్కలో ఆట డ్రాయే. 55వ ఎత్తులో ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఏనుగును తప్పుడు గడిలోకి జరిపారు. ఏనుగులు, శకటులు మార్పిడై, మిగిలిన బంట్ల ముగింపులో గెలుపు గుకేశ్‌ది అయింది. 18 ఏళ్లకే అతడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

కాలరేఖ

• 1913: జెర్మెలో పత్రం
• 1950: షానన్ పత్రం, 10¹²⁰ అంచనా
• 1965: వెనుక నుంచి విశ్లేషణపై బెల్‌మన్ సూచన
• 1981: సాధారణీకరించిన చెస్ సంక్లిష్టతపై ఫ్రేంకెల్, లిక్టెన్‌స్టైన్ రుజువు
• 1997: కాస్పరోవ్‌పై డీప్ బ్లూ విజయం
• 2007: చెకర్స్‌కు బలహీన పరిష్కారం
• 2012: 7 పావుల లోమొనోసోవ్ పట్టికలు
• 2017: ఆల్ఫాజీరో

మాదిరి ప్రశ్నలు

1. షానన్ సంఖ్య దేన్ని సూచిస్తుంది?
ఎ) చట్టబద్ధ పొజిషన్లు బి) ఆడగల ఆటల అంచనా సి) విశ్వంలోని పరమాణువులు డి) టేబుల్‌బేస్ పరిమాణం
జవాబు: బి

2. 2007లో చెకర్స్‌కు లభించింది ఏ స్థాయి పరిష్కారం?
ఎ) అతి బలహీన బి) బలహీన సి) బలమైన డి) ఏదీ కాదు
జవాబు: బి

3. కిందివాటిలో సరైనవి ఏవి?
(1) చెస్‌కు కచ్చితమైన ఫలితం ఉంటుందని జెర్మెలో సిద్ధాంతం చెబుతుంది. (2) ఆ ఫలితం డ్రా అని అది నిరూపించింది.
ఎ) 1 మాత్రమే బి) 2 మాత్రమే సి) రెండూ డి) ఏదీ కాదు
జవాబు: ఎ

4. టేబుల్‌బేస్‌ల తయారీలో వాడే పద్ధతి?
ఎ) గ్రోవర్ అల్గారిథమ్ బి) న్యూరల్ నెట్‌వర్క్ సి) రెట్రోగ్రేడ్ అనాలిసిస్ డి) యాదృచ్ఛిక నమూనా
జవాబు: సి

మెయిన్స్‌లో ఎలా రాయాలి?

‘చెస్‌ను కంప్యూటర్లు పరిష్కరించగలవా?’ అని అడిగితే ఒక్క ముక్కలో అవును, కాదు అని తేల్చకండి. ఏ స్థాయి పరిష్కారమో ముందు చెప్పండి. సూత్రరీత్యా సమాధానం ఉందని జెర్మెలోతో మొదలుపెట్టి, 7 పావుల దాకా సాధించింది చూపి, 10⁴⁴ దగ్గర ఎందుకు ఆగిపోయామో కాలం, నిల్వ లెక్కలతో వివరించండి. ముగింపు ఇలా ఉండాలి: బలమైన పరిష్కారం మనకు తెలిసిన యంత్రాలతో జరిగే పని కాదు, బలహీన పరిష్కారాన్ని ఏ సిద్ధాంతమూ నిషేధించలేదు, కానీ నేటి పద్ధతులతో అది కనుచూపు మేరలో లేదు.